షాజాదీకి ఏ జబ్బూ లేదు

మార్టూరుకు పడమటగా, మిరప చేలకూ పత్తి చేలకూ నడుమ ఉన్న ఒక ఊళ్లో మనిషికి జబ్బు చేసిందో లేదో తేల్చడానికి ఒకటే పద్ధతి ఉండేది. పనిలోకి వెళ్లాడా, లేదా? వెళ్లాడంటే బాగున్నట్టు. వెళ్లలేదంటే జబ్బు. ఒళ్లు కాలిపోతున్నా మిరప కోతకు వెళ్లిన మనిషిని ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. నడుం పట్టేసిందని అరుగు మీద వాలిన మగాడికి మాత్రం శొంఠి కషాయం, కాళ్లు పట్టే పెళ్లాం, బత్తాయిలు పట్టుకుని పరామర్శకొచ్చే చుట్టాలు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ వైద్యం మరీ సులువు. ఇంటి కప్పు మీంచి పొగ లేస్తోందా? లేస్తోంది. అయితే ఆ ఇంటి కోడలు నిక్షేపంలా ఉంది. లోపలికి తొంగి చూడనక్కర్లేదు, నాడి పట్టనక్కర్లేదు. డాక్టర్లు దొరల సీమకెళ్లి ఏళ్ల తరబడి చదివే చదువును మావాళ్లు వీధిలో నడుస్తూ నడుస్తూనే పూర్తి చేసేవారు.

ఆ లెక్కన దూదేకుల సైదా భార్య షాజాదీ అంతటి ఆరోగ్యవంతురాలు ఆ చుట్టుపక్కల ఇంకొకతె లేదు.

సైదాది దూది ఏకే పని. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పిలిచినవాళ్ల పంచలో కూచుని పత్తి ఏకి వచ్చేవాడు. పరుపులూ దిండ్లూ కుట్టడం షాజాదీ వంతు. సైదా మంచివాడు. తాగడు, పేకాడడు, పెళ్లాం మీద చెయ్యెత్తడు. ఇలాంటి మొగుడు దొరికాక ఆడదానికి ఇంకేం బాధ ఉంటుందో ఊళ్లో ఎవరికీ తోచేది కాదు. సైదాకి అసలే తోచేది కాదు. ఇంట్లో అతని తల్లి రసూల్‌బీ, ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటెడు చాకిరీ షాజాదీది. అది ఎవరూ ఆమె నెత్తిన పెట్టింది కాదు; ఆమె కాపురానికొచ్చిన రోజు మిగతావాళ్లందరూ పక్కకు తప్పుకున్నారు, అంతే.

షాజాదీలో రెండు కాలాలుండేవి. ఎప్పుడొస్తాయో తెలీదు, వస్తే వారాల తరబడి పోవు. మొదటిది పొంగు. మిరప పండి కల్లాల మీద ఎర్రగా పరిచే రోజుల్లో ఒకసారి ఆ పొంగొచ్చింది. ఆమెకు నిద్ర అవసరం లేకుండా పోయింది. పెద్ద రైతు చెంచురామయ్య ఇంట్లో పెళ్లికి పరుపులు అడిగితే, అడిగినవి కుట్టి, అడగనివి కూడా కుట్టింది. పెళ్లికొడుకు మేనమామలకు దిండ్లు, వాళ్లను తీసుకొచ్చే బస్సు డ్రైవరుకు కూచునే మెత్త. ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వాడరేవు వెళ్లి, గంపల నిండా ఎండు చేపలు తెచ్చి, వీధంతా పంచిపెట్టింది. చెవుల కమ్మలు ఎక్కడ పోయాయని అత్త అడిగితే, సముద్రం ఒడ్డున ఒక పిల్ల బోసి చెవులతో కనబడిందని చెప్పి పకపకా నవ్వింది. మాట మీద మాట, దాని మీద ఇంకో మాట. ఒకరి పత్తి ఇంకొకరి పరుపులోకి పోయింది. దబ్బనం గుచ్చుకుని వేళ్లు చీము పట్టాయి, ఆమె చూసుకోలేదు. లోపల గుండె బండి చక్రంలా పరిగెత్తుతోందనీ, ఆపుదామంటే పట్టు దొరకడం లేదనీ ఆమెకొక్కతెకే తెలుసు.

ఊరికి మాత్రం పండగే. "ఆడదంటే అట్టా ఉండాల" అన్నారు. సొంత కోడళ్లను పిలిచి వేలుపెట్టి మరీ చూపించారు. సైదా అయితే దర్జాగా మూడు ఊళ్ల పని ఒప్పుకున్నాడు. రసూల్‌బీ కమ్మల గురించి కొన్నాళ్లు సణిగింది కానీ, ఆ కాలంలో ఇంట్లో కారం, పసుపు, అటుకులు అన్నీ దంచి డబ్బాలకెక్కాయి గనక సర్దుకుంది.

రెండోది కుంగు. ఒక పొద్దున లేచేసరికి పొంగు ఉండదు. దాని చోట ఏమీ ఉండదు. పిల్లలు అమ్మా అంటే ఆ పిలుపు ఎక్కడో దూరం నుంచి వినిపించేది. దువ్వెన పైకెత్తడానికి కూడా భుజంలో సత్తువ ఉండేది కాదు. అయినా లేచేది. కసువు ఊడ్చేది, నీళ్లు తెచ్చేది, వండేది, కుట్టేది. ఎలా చేసేదో ఆమెకే తెలీదు. చేతులు చేసేవి, ఆమె వెనకాల ఎక్కడో కూలబడి ఉండేది. పలకరిస్తే తల వంచుకునేది. ఎవరేమన్నా ఊ కొట్టేది.

అప్పుడు ఊరు ఇంకా మెచ్చుకుంది. రసూల్‌బీ వాకిట్లో కూచుని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకుంది: "మా కోడలికి ఇప్పటికి అణకువొచ్చింది. నోట్లో నాలుక లేదు."

చూశారా మరి. పొంగినప్పుడు పనిమంతురాలు, కుంగినప్పుడు అణకువ గలది. మంచి కోడలికి ఈ రెండు లక్షణాలే ఉండాలని లోకం ఎప్పుడో తీర్మానించి పెట్టుకుంది. పాపం షాజాదీ జబ్బు ఆ రెంటిలోనే సరిగ్గా ఇమిడిపోయింది. ఇక ఎవరికి కనబడుతుంది?

అరవై రెండో సంవత్సరం వేసవిలో కుంగు వచ్చినప్పుడు మాత్రం కొత్తది ఒకటి జరిగింది. ఎండ ఎక్కుతున్న వేళ షాజాదీ మంచినీళ్ల బావికి వెళ్లింది. అక్కడ ఇంకెవరూ లేరు. బిందె గట్టు మీద పెట్టి లోపలికి చూసింది. ఏడుపేం రాలేదు. దుఃఖమైనా లేదు. ఇందులోకి వెళ్తే రేపు లేవక్కర్లేదు కదా అనిపించింది, అంతే. ఆ ఆలోచన చల్లగా, హాయిగా ఉంది. గట్టు మీదికి ఒక కాలు పెట్టింది కూడా. ఎంతసేపలా నిలబడిందో తెలీదు. చివరికి చేతులు అలవాటు కొద్దీ చేద వదిలాయి, తోడాయి, బిందె నింపాయి. ఆ బిందె బరువే ఆమెను ఇంటికి తీసుకొచ్చింది.

ఇంటికొచ్చి బిందె దించాక భయం తెలిసింది. ఈసారి చేతులు తోడాయి. వచ్చేసారి తోడకపోతే? తనను తననుంచి ఎవరైనా కాపాడాలి, లేకపోతే ఈ పిల్లలకు తల్లి ఉండదు. ఆ సంగతి ఆమెకు పట్టపగల్లా అర్థమైంది. మిగతా ఎవరికీ అర్థమయ్యేలా చెప్పడం ఎలాగో మాత్రం తెలీలేదు.

అయినా మర్నాడు ప్రయత్నించింది. "అత్తా, నాకు బావి దగ్గరికి పోవాలంటే భయంగా ఉంది" అంది.

"గట్టు జారుతా ఉంటే కాస్త ఇసక చల్లుకో" అంది రసూల్‌బీ.

సాయంత్రం సైదాతో అంది. అతను మంచివాడని ముందే చెప్పాను కదా, బాగా ఆలోచించాడు. "పెద్ద బిందె బరువైతన్నట్టుంది. రేపట్నించి చిన్నది తీసుకుపో, రెండుసార్లు తిరిగితే సరిపోద్ది" అన్నాడు.

చివరికి దారి చూపించింది చెంచురామయ్య భార్య సుబ్బరావమ్మ. ఆమె మరిది అంతకుముందు ఏడాది మనసు బాగోలేక మంచం ఎక్కితే, ఒంగోలులో పేరయ్య అనే మనోవ్యాధుల డాక్టరుకు చూపించారట. మగాడు మంచం ఎక్కాడు గనక మూడో రోజుకే కారు కట్టించారు. మందులు మింగి మళ్లీ చేలో తిరుగుతున్నాడట. అది విన్న షాజాదీ ఇంటికొచ్చి, నోరు పెగల్చుకుని, నన్నూ ఆ డాక్టరుకు చూపించమని మొగుణ్ణి అడిగింది. కాపురానికొచ్చాక ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సైదా కాదనలేదు. అయితే జబ్బేమిటో తెలీకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎలాగని మథనపడ్డాడు.

రసూల్‌బీ మాత్రం వెంటనే నడుం కట్టింది. ఒంగోలు డాక్టరంటే పెద్దమనిషి. పెద్దమనిషి ముందుకు కోడల్ని తీసుకెళ్తున్నాం. అంటే ఏమిటి? ఇంటి పరువు. షాజాదీకి పెళ్లినాటి చీర కట్టించింది. తల నున్నగా దువ్వి పూలు పెట్టింది. డాక్టరుకు ఇవ్వడానికి షాజాదీ కుట్టిన కుర్చీ మెత్త ఒకటి సంచీలో పెట్టింది. బస్సులో కొడుక్కి పాఠం చెప్పింది: "ఆయన ఏం అడిగినా తడుముకోకుండా చెప్పు. మనింటి పిల్లకి వంక ఉందన్న మాట బయటోళ్ల చెవిన పడకూడదు."

షాజాదీ అది విని కిటికీలోంచి బయటికి చూసింది. వంక ఉందని చెప్పడానికే కదా వెళ్తున్నది అనుకుంది.

డాక్టరు పేరయ్య మద్రాసులో చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. మనసు జబ్బును కొలవడానికి థర్మామీటరు లేదనీ, మనిషి రోజు ఎలా గడుస్తోందో చూసి కొలవాలనీ ఆయన నేర్చుకున్నాడు. నిద్ర, తిండి, శుభ్రం, పని, నలుగురితో మసలడం, డబ్బు వాడకం. వీటిలో ఎక్కడ చిల్లు పడిందో కనిపెడితే జబ్బు దొరుకుతుంది. మంచి పద్ధతే. దానికి తోడు ఇంకోటి కూడా నేర్చుకున్నాడు: రోగి తన సంగతి తాను సరిగ్గా చెప్పలేదు, బాధ్యత గల ఇంటివాళ్లనే అడగాలి. అందుచేత షాజాదీని బల్ల మీద కూచోబెట్టి, ముఖం సైదా వైపు తిప్పాడు.

"నిద్ర పడుతుందా ఈవిడకి?"

సైదా నోరు తెరిచేలోపల రసూల్‌బీ అందుకుంది. పెళ్లిచూపుల్లో పిల్ల తరఫున మాట్లాడే మేనత్త గొంతు అది. "నిద్రాండీ? అందరికంటే వెనక పడుకుని అందరికంటే ముందు లేచిద్ది. అసలు పడుకుందో లేదో కూడా మాకు తెలవదు. ఎండాకాలం ఇంట్లోకి ఎండ పడకముందే పనంతా తెమిలిపోద్ది."

డాక్టరు తల ఊపాడు. "వేళకు తింటుందా?"

"అందరికీ పెట్టాక తినిద్దండి."

"ఎంత తింటుంది?"

"మిగిలినంతండి" అన్నాడు సైదా గర్వంగా.

"ఇంటి పనులు?"

"నన్ను పుల్ల తీసి పుల్ల పెట్టనీదు" అంది రసూల్‌బీ. ఇంట్లో కోడలి కూరకు ఏనాడూ ఉప్పు సరిపోలేదన్న మనిషి, డాక్టరు గదిలో ఆ కూర రుచి వర్ణించడానికి మాటలు వెతుక్కుంది. చీర కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది. షాజాదీ బిత్తరపోయి చూసింది. పదేళ్ల కాపురంలో అత్త నోట వినని మెప్పంతా ఆ పూటే విన్నది. తనకు ఏ మందూ అందకుండా చేయడానికే ఆ మెప్పంతా పనికొస్తోందని కూడా అప్పుడే తెలిసింది.

"ఇరుగుపొరుగుతో ఎలా ఉంటుంది?"

"ఎవరేమన్నా ఎదురు చెప్పదండి" అంది అత్త.

"అందరితో కలుపుగోలుగా మాట్లాడిద్దండి, అలుపే ఉండదు" అన్నాడు మొగుడు.

రెండూ నిజాలే. ఏది ఏ నెలలోనో డాక్టరు అడగలేదు. అడిగుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"డబ్బు దుబారా చేస్తుందా?"

కమ్మల సంగతి రసూల్‌బీ గొంతు దాకా వచ్చింది. మింగేసింది. "ఒంటి మీద బంగారం మీద కూడా ఆశ లేదండి ఈ పిల్లకి" అంది.

"సంతోషంగా ఉంటుందా?"

తల్లీ కొడుకూ ముఖముఖాలు చూసుకున్నారు. పెళ్లిచూపుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు గనక జవాబు సిద్ధంగా లేదు. సైదా అన్నాడు: "మా ఇంట్లో అట్టాంటి పేచీలేం లేవండి."

షాజాదీ గుండె చిక్కబట్టుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేదు. "అయ్యా, బావి..." అంది.

"ఆఁ, ఆ ముక్క మర్చిపోయానండి" అన్నాడు సైదా. "మా మంచినీళ్ల బావి ఊరికి ఆ చివరుంది. అంత దూరం నించి నీళ్లన్నీ ఈవిడే మోసిద్ది. పిల్లలకొక చుక్క కూడా తక్కువ రానీదు."

డాక్టరు చిరునవ్వు నవ్వాడు. ఇంత ఒద్దికగా రోజు గడిపే మనిషిని ఆయన ఈ మధ్య చూసినట్టు లేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలు తిప్పి ఆయన్నే అడిగితే, కాఫీ కలపడం దగ్గరా, చొక్కా గుండీ కుట్టుకోవడం దగ్గరా ఆయన అక్కడికక్కడే రోగి అయ్యేవాడు. కానీ ప్రశ్నలు అడిగేవాణ్ణి ఎవరూ అడగరు. "ఈవిడకేం జబ్బు లేదయ్యా. కొంచెం నీరసం" అని బలానికి టానిక్కు రాసిచ్చాడు. రసూల్‌బీ మెత్త బయటికి తీసి ఇచ్చింది. ఆయన కుర్చీలో వేసుకుని కూచుని, అటూ ఇటూ కదిలి చూసి, "ఇది ఈవిడే కుట్టిందా? అయితే మా ఇంటికొక డబుల్ పరుపు కుట్టి పంపించండి" అన్నాడు.

అలా షాజాదీ జబ్బుకు మందు అడగడానికి వెళ్లి, పని ఒప్పుకుని తిరిగొచ్చింది. బస్సులో సైదాకి ఎంత సంతోషమో చెప్పలేం. డాక్టరే మెచ్చిన పెళ్లాం. ఊరు చేరాక నలుగురికీ చెప్పాడు. నలుగురూ షాజాదీని చూసి, ఆసుపత్రి గడప తొక్కి మరీ జబ్బు లేదనిపించుకున్న మనిషి కదా అని ఇంకొంచెం గౌరవం, ఇంకొంచెం పని ఇచ్చారు.

కుంగు దానంతటదే తగ్గింది. చలికాలంలో పొంగొచ్చింది. డాక్టరు డబుల్ పరుపు రెండు రాత్రుల్లో లేచి నిలబడింది. దానితో పాటు డాక్టరు పడక్కుర్చీకీ, వరండా బల్లకీ, ఆయన ఇంట్లో ఉందో లేదో తెలీని ఉయ్యాలకీ కూడా మెత్తలు తయారయ్యాయి. ఉగాది దాటాక పొంగు పోయింది. షాజాదీ మళ్లీ కిందికి జారడం మొదలైంది. ఈసారి జారుతున్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది. బావి ఆమెను పిలవలేదు. ఆమే దాన్ని తలుచుకుంటోంది, రోజంతా, పిల్లలకు అన్నం కలుపుతూ కూడా.

ఒక పొద్దున పొయ్యి ముందు కూచుంది. పుల్లలు సర్ది ఉన్నాయి. అగ్గిపెట్టె చేతిలో ఉంది. డాక్టరు అడిగిన ప్రశ్నలన్నీ ఆమెకు ఒకటొకటే గుర్తొచ్చాయి. లేస్తుందా, వండుతుందా, మోస్తుందా. ఈ చేతులే కదా ప్రతిసారీ నా మీద అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాయి అనుకుంది. అగ్గిపెట్టె కింద పెట్టింది. గోడకు చేరబడి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మీరు నమ్మరు, ఇంత కష్టమైన పని ఆమె పుట్టాక చేయలేదు. చెయ్యి తనంతట తాను అగ్గిపెట్టె వైపు పాకుతుంటే రెండో చేత్తో పట్టుకుని ఆపాల్సి వచ్చింది. సిగ్గుతో చెవులు మండాయి. పెద్ద పిల్ల వచ్చి ఆకలంటే షాజాదీ కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయి. అయినా లేవలేదు.

ఆ తర్వాత జరిగింది చూడాలి. పొద్దు బారెడు ఎక్కేసరికి రసూల్‌బీ పొయ్యి దగ్గరికి వచ్చి, చల్లటి బూడిద చూసి, కోడలికి దయ్యం పట్టిందంది. సైదా పొయ్యి వెలిగించబోయి ఇల్లంతా పొగ నింపాడు. ఉప్పెక్కడుందో తెలీదు. బియ్యం డబ్బా అనుకుని అటుకులు ఎసట్లో పోశాడు. నీళ్లు లేవు, బావికి వెళ్దామంటే మగాడు బిందె చంకన పెట్టుకుని వీధిలో ఎలా నడుస్తాడు? పొగ లేవలేదని గమనించి మొదట ఎదురింటి వెంకటేశ్వరమ్మ వచ్చింది, తర్వాత వీధంతా వచ్చింది. చేప ముక్కలు తిన్నవాళ్లు, దిండ్లు కుట్టించుకున్నవాళ్లు అందరూ గుమ్మంలో నిలబడి నోళ్లు నొక్కుకున్నారు. నిన్నటిదాకా గుండ్రాయిలా ఉన్న మనిషి అన్నారు. సుబ్బరావమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని, "వెంటనే తీసుకుపో సైదా, ఇది పెద్ద జబ్బు" అంది. చెంచురామయ్య తన సవారీ బండి మార్టూరు దాకా కట్టించాడు. అన్నేళ్ల పొంగులూ కుంగులూ, బావి గట్టు మీద పెట్టిన కాలూ కదిలించలేని ఊరిని ఒక్కపూట వెలగని పొయ్యి కదిలించింది.

ఈసారి పెళ్లినాటి చీర లేదు. రసూల్‌బీ పిల్లల్ని చూసుకోవడానికి ఆగిపోయింది. డాక్టరు గుర్తుపట్టి, పరుపు దివ్యంగా ఉందమ్మా అంటూనే ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. మళ్లీ సైదా వైపు తిరిగి పాత ప్రశ్నలే వేశాడు. ఈసారి పరువు కాచుకునే ఓపిక సైదాకి లేదు.

"లేవలేదండి. వండలేదండి. నీళ్లు తేలేదండి. పిల్ల ఏడుస్తా ఉన్నా పలకలేదండి" అన్నాడు. అంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా పెళ్లాం నాకు కావాలండి. ఎట్టాగైనా బాగుచెయ్యండి."

డాక్టరు ముఖం గంభీరమైంది. "ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"ఇయ్యాల పొద్దుటి నించండి."

"అంతకుముందు?"

"నిన్న రాత్రి దాకా బంగారంలాగుందండి. వండి పెట్టింది, కుట్టింది, అన్నీ చేసింది."

డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది. ఇంత పెద్ద కుంగుబాటు ఒక్క రాత్రిలో ఊడిపడదని ఆయన చదువుకున్నాడు. కుర్చీ తిప్పాడు. షాజాదీ ఎదురుగా కూచుని, ఆమె కళ్లలోకి చూసి, "నువ్వు చెప్పమ్మా. ఎన్నాళ్లనుంచి?" అన్నాడు.

ఆ ప్రశ్న తనదని తెలియడానికి షాజాదీకి కొంచెం సేపు పట్టింది. తర్వాత చెప్పింది. గొంతు సన్నగా ఉన్నా ఆగకుండా చెప్పింది. పొంగు గురించి, పట్టు దొరకని గుండె గురించి, సముద్రం ఒడ్డున ఇచ్చేసిన కమ్మల గురించి, వేళ్ల చీము గురించి. తర్వాత వచ్చే చీకటి గురించి. పొయ్యి వెలిగించడం చేతగాక కాదు, వెలిగించినన్నాళ్లూ ఎవరూ చూడడం లేదని మానేశానని చెప్పింది. డాక్టరు రాసుకోలేదు, విన్నాడు. అప్పుడప్పుడూ అది ఏ నెల, ఇది ఏ నెల అని మాత్రం అడిగాడు. ఇది ఎప్పటినుంచో ఉన్న జబ్బమ్మా, మందులున్నాయి, కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి అన్నాడు. మొదటిసారే నిన్ను అడగాల్సింది అని కూడా అన్నాడు, కొంచెం తల దించుకుని.

"చనిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?"

"కిందటేడు ఎండాకాలం, బావి గట్టు మీద కాలు పెట్టానయ్యా. నీళ్లకని పోయి."

సైదా ఏడుపు ఆగిపోయింది.

"మరి ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు డాక్టరు.

"అప్పటికే పొద్దెక్కిపోయిందయ్యా. వచ్చి వంట చేశాను."

"ఏం వండావు?" అన్నాడు సైదా.

"చింతచిగురు, ఎండు రొయ్యలు."

ఆ పూట సైదాకి బాగా గుర్తుంది. బయట వడగాలి కొడుతుంటే, మెడ వంచుకుని వడ్డిస్తున్న పెళ్లాన్ని చూసి, అదృష్టమంటే తనదేననుకున్న పూట అది.

"కూర చాలా బాగుందన్నాను ఆ రోజు" అన్నాడు నేలకేసి చూస్తూ. "రెండోసారి కూడా అడిగి వేయించుకున్నాను."

"అవును" అంది షాజాదీ.